కింది వరస

పిల్లల పాటంటే చాలు, చేతులూపుతూ గెంతే పాటే అనుకుంటారు అందరూ. సంగీతం టీచరుగా చేరిన రోజే ప్రిన్సిపాల్ గారు యాన్యువల్ డేకి హుషారైన ఐటెమ్ ఒకటి తయారు చెయ్యమన్నారు. ఐటెమట, నా మొహం! సరేనండీ అన్నాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి సాధకం చేసిన గొంతు నాది. పిల్లల గొంతు మీద నాకున్న గౌరవం వాళ్ళని కన్నవాళ్ళకి కూడా ఉండదని నా గట్టి నమ్మకం.

నరసన్నపేటలో, ఒక కిరాణా కొట్టు మీది వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. ఆయన పోయారు, పిల్లలు లేరు. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తే అన్నీ పొద్దున నేను పెట్టిన చోటే ఉంటాయి. మంచినీళ్ళ చెంబు కూడా కదలదు. మొదట్లో అది సుఖంగానే ఉండేది. రానురానూ తలుపు తియ్యాలంటేనే దిగులుగా ఉండేది.

విజయనగరంలో సంగీతం చదువుకునే రోజుల్లో నా గది పక్కనే చర్చి ఉండేది. శనివారం సాయంత్రాలు అక్కడ పిల్లలు పాటలు నేర్చుకునేవారు. సగం మంది పైన ఒక వరస పాడుతుంటే, మిగతా సగం కింద ఇంకో వరస పాడేవారు. రెండూ వేరే, అయినా ఒకదాన్నొకటి తోసుకునేవి కావు. మన కచేరీలో ఎంతమంది కూర్చున్నా అందరిదీ ఒకటే దారి. మన రాగంలోనే అలా రెండు వరసలు కట్టి పిల్లలచేత పాడించాలని అప్పుడే కోరిక పుట్టింది. ఆ కోరికకి ముహూర్తం కుదిరేసరికి నా జుట్టు నెరిసింది.

మోహన రాగం తీసుకున్నాను. కళింగపట్నం సముద్రం ఒడ్డున నిలబడి, వేటకెళ్ళిన పడవల్ని పిల్లలు పిలిచే పాట. మాటలూ నావే. పై వరస ఆ పడవల్ని పిలుస్తూ అటూ ఇటూ పరిగెడుతుంది. కింది వరస షడ్జమం, పంచమం పట్టుకుని ఒడ్డునే ఉండిపోతుంది. పిల్లల గొంతు మరీ దిగితే గాలి వస్తుంది, మరీ ఎక్కితే అరుపు వస్తుంది. ఆ మధ్యనున్న నాలుగు స్వరాల్లోనే రెండు వరసలూ సర్దాలి. ఎన్ని సాయంత్రాలు కట్టి, కొట్టేసి, మళ్ళీ కట్టానో దేవుడికే తెలియాలి.

అసలు చిక్కు అదీ కాదు. ఒక్క గొంతుతో రెండు వరసలు పాడలేం కదా! ఒకటి ఫోన్లో రికార్డు చేసుకుని, దాన్ని మోగిస్తూ రెండోది పాడేదాన్ని. రెండూ నా గొంతే. ఎంత విన్నా నాకు నేనే బదులు చెప్పుకుంటున్నట్టుండేది. ఒకరోజు కొట్టువాళ్ళావిడ మెట్ల దగ్గర నుంచి, "ఏటమ్మా, పొద్దస్తమానూ ఫోన్తో పోట్లాడతన్నావేటి?" అని కేకేసింది. నవ్వేశాను. ఆవిడ కిందికి వెళ్ళాక ఏడుపొచ్చింది. నావి కాని గొంతుల్లో, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ రెండు వరసలూ కలిసి వినాలి. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

పిల్లల్ని రెండు గుంపులు చేశాను. కలిపి కూర్చోబెడితే కింది వరసవాళ్ళు పక్కవాళ్ళ పాటలోకి జారిపోతారు. అందుకని వేరే వేరే గదుల్లో నేర్పాను. ఎవరి వరస వాళ్ళకి నోట్లో నిలిచాక, ఆఖరి వారం అందర్నీ కలుపుదామనుకున్నాను. సరిగ్గా ఆ వారమే జ్వరం వచ్చి మంచం పట్టాను. లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చుకోవడమే గగనమైపోయింది. డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేసి, రెండు గుంపుల్నీ ఒకచోట నిలబెట్టి రోజూ పాడించమని బతిమాలాను. మంచివాడు, ఏ పని చెప్పినా కాదనడు.

యాన్యువల్ డే సాయంత్రం నీరసంగా ఆటో దిగేసరికి పిల్లలు అప్పటికే స్టేజి ఎక్కి నిలబడ్డారు. మాస్టారు మొహం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"మీరేటీ కంగారు పడకండి మేడం. ఆ ఎడం పక్కోళ్ళందరూ తేడాగా పాడతన్నారు. నాను సరిసేసీసినాను. ఇప్పుడందరూ ఒక్కలాగే పాడతారు."

ఆయన రెండు చెంపలూ వాయించాలనిపించింది. కానీ ఆయన్ననేం లాభం? డ్రిల్లులో ఒక్క కాలు తేడాగా పడితే తప్పే. ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా బృందగానమంటే అందరూ ఒక్కలా పాడడమనే చెప్తారు. పాటలో రెండు వరసలున్నాయని ఆయనకి చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. ఆ పాటతో అన్నాళ్ళు ఒక్కదాన్నే కాపురం చేశాను మరి, ఇంకొకరికి తెలియదని గుర్తుంటేనా!

తెర లేచింది. పిల్లలు పాట ఎత్తుకున్నారు. అందరూ పై వరసే, శ్రుతి తప్పకుండా, చక్కగా. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. ఆ రెండు వరసలూ కలిసి నేనింకెప్పుడు వింటాను? పై ఏడాదికి ఈ పిల్లల్లో సగం మంది వేరే బడికి పోతారు.

రెండో చరణం మొదలయింది. తెర పక్కన, మైకుకి దూరంగా నిలబడి, ఆ జ్వరం గొంతుతోనే కింది వరస ఎత్తుకున్నాను.

కలిసింది. వాళ్ళందరూ పైన, నేనొక్కదాన్నీ కింద. ఇన్నేళ్ళూ నేను మనసులో విన్నది అచ్చంగా అదే. ఏడుస్తూనే పాడాను. చరణం అయిపోతుంటే ఇంకొక్క చరణం రాసుంటే నా సొమ్మేం పోయేదని నన్ను నేనే తిట్టుకున్నాను. చప్పట్లు హోరెత్తాయి. మాస్టారు దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు.

పిల్లలు తోసుకుంటూ దిగుతుంటే, కింది వరస నేర్చుకున్న పిల్లల్లో ఒకతి నా దగ్గరకొచ్చి కొంగు పట్టుకుని లాగింది. వంగాను. చెవిలో రహస్యంగా చెప్పింది.

"టీచర్, అది తప్పంట కదా, మాస్టారు సెప్పినారు. మీరొక్కలే అదే పాడీసినారు. పర్నేదులెండి, ఎవలికీ ఇనబడ్నేదు. నానెవలికీ సెప్పను."

ఆ పిల్ల మాట నిలబెట్టుకుంది. ఇంతవరకూ నన్నెవరూ ఆ సంగతి అడగలేదు.