కొబ్బరి చిప్పలో సగం కవా

కొత్తది ఏది ఎదురైనా దాని గురించి పది ప్రశ్నలు అడిగితే గాని జాక్లిన్‌కి నిద్ర పట్టదు. కాకినాడ జగన్నాథపురంలో పుట్టి పెరిగిన పిల్ల. నర్సింగ్‌లో మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చింది. ఊరి శివార్లలోని వెర్రిబీలో ఇల్లు షేర్ చేసుకుంటూ, యూని క్లాసులు లేని రోజుల్లో ఒక వృద్ధుల హోమ్‌లో షిఫ్టులు చేసేది. అక్కడే పరిచయమైంది లితియా. ఫిజీ మనిషి. ఆమె నవ్విందంటే కారిడార్ చివరి గదిలో చెవులు వినిపించని తాతలు కూడా తల తిప్పి చూసేవాళ్ళు.

ఒకరోజు టీ బ్రేక్‌లో లితియా చెప్పింది. "శనివారం ఆర్వో, అదే మధ్యాహ్నం, మా అమ్మాయి ట్వెంటీఫస్ట్ బర్త్‌డే. నువ్వు తప్పకుండా రావాలి. కవా కూడా ఉంటుంది."

"కవా అంటే మత్తుమందు కాదు కదా? మా చర్చిలో తెలిస్తే బాగోదు."

లితియా పకపకా నవ్వింది. "మా పాస్టర్ గారే ముందు వరసలో కూర్చుంటారు. మిరియాల జాతి మొక్క వేరు అది. ఎండబెట్టి దంచి, గుడ్డలో కట్టి, చన్నీళ్ళలో పిసుకుతాం. సారాలాగా కాదు. ఒళ్ళు తేలికవుతుంది, మనసు నెమ్మదిస్తుంది."

ఇక జాక్లిన్ ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు ఏమైనా తినొచ్చా? ఎంత తాగాలి? ఎలా ఉంటుంది?

"మధ్యాహ్నం కొంచెమే తిను. కడుపు నిండా తిని తాగితే తిప్పేస్తుంది. ఆ రోజు బీరు, వైను ముట్టుకోకు. కారు తేకు, మేమే దింపుతాం. లివర్ జబ్బున్నా, కడుపుతో ఉన్నా, నిద్రమాత్రల్లాంటివి వాడుతున్నా తాగకూడదు. నువ్వేమైనా వాడుతున్నావా?"

"లేదు."

"అయితే మొదటిసారి లో టైడ్ అడుగు. అంటే కొబ్బరి చిప్పలో సగమే. రుచి కోసం చప్పరించకు, ఒక్క గుక్కలో మింగెయ్. తర్వాత ఏం జరుగుతుందో కాసేపు ఆగి చూసుకుని, అప్పుడు ఇంకోటి."

ఆ వారమంతా జాక్లిన్‌కి కాలు నిలవలేదు. అదే ఇంట్లో ఉండే వెంకీకి ఇదంతా చెప్పింది. వాడిది వరంగల్, ఐటీ చదువుతున్నాడు. "నేను గూడ వస్తక్కా. గిసొంటివి శానా చూసిన," అన్నాడు. శనివారం మధ్యాహ్నం జాక్లిన్ రెండు ఇడ్లీలు తిని లేచింది. వెంకీ మాత్రం ముందురోజు మిగిలిన బిర్యానీ గిన్నె మొత్తం ఖాళీ చేసి మరీ బయల్దేరాడు.

లితియా ఇంటి పెరట్లో ఒకవైపు బార్బిక్యూ పొగ, ఒకవైపు గిటార్లు, నేలంతా అల్లిన చాపలు. మధ్యలో నాలుగు కాళ్ళున్న పెద్ద చెక్క గిన్నె. దాని వెనక పూల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన బాసింపట్టు వేసుకుని గుడ్డమూట పిసుకుతున్నాడు. గిన్నెలో నీళ్ళు వాన వెలిశాక రోడ్డు పక్కన నిలిచిన నీళ్ళలా ఉన్నాయి.

"మా పాండురంగ అంకుల్," అని పరిచయం చేసింది లితియా. "ఫిజీలో మా పక్క ఊరే. కొడుకు దగ్గరికి వచ్చి కొన్ని నెలలైంది. ఈయన కలిపితేనే మాకు కవా."

ముందు వెంకీ వంతు వచ్చింది. "హై టైడ్!" అని అరిచాడు. నిండు చిప్ప గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. "ఏముందక్కా ఇండ్ల? బురదనీళ్ళ లెక్కుంది," అని ఆగకుండా ఇంకోటి పోయించుకున్నాడు.

తర్వాత జాక్లిన్ వంతు. లితియా నేర్పినట్టు ఒకసారి చప్పట్లు కొట్టి "బులా" అని ఫిజీ పలకరింపు చెప్పింది. పాండురంగ అంకుల్ కొబ్బరి చిప్ప నిండా ముంచాడు. ఆమె ముఖంలోకి చూశాడు. సగం మళ్ళీ గిన్నెలో ఒంపేస్తూ తనలో తాను అన్నాడు, "కొంచెం చాలు."

జాక్లిన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అంకుల్! ఏమన్నారు మీరు?"

ఆమె తెలుగులో అడిగింది. ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు గాని భాష పోల్చుకున్నాడు. ఇంగ్లీషులో అడిగాడు. "నువ్వు తెలుగా? మా ముత్తాత చెరకు నరకడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఫిజీ వచ్చాడు. మా ఇంట్లో మాటలు కొన్నే మిగిలాయి. కొంచెం. నెయ్యి. చెంబు. రా అమ్మా."

"ముందు తాగు, తర్వాత మాట్లాడు!" అని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ కేకలేశారు. జాక్లిన్ ఒక్క గుక్కలో మింగింది. మట్టి, మిరియం, ఏదో చేదు. అందరితోపాటు మూడుసార్లు చప్పట్లు కొట్టింది. లితియా ఆమె నోట్లో అనాసముక్క పెట్టింది. కాసేపటికి పెదవులు, నాలుక అక్కలకర్ర నమిలినట్టు మొద్దుబారాయి. భుజాల మీది బరువు ఎవరో దించినట్టయింది.

"ఇంకో మాట చెప్పు," అన్నాడు అంకుల్, చిన్నపిల్లాడిలా ముందుకు వంగి.

"నీళ్ళు," అనబోయింది. నాలుక తిరిగితేగా! "నీల్లు" అని వచ్చింది. "పళ్ళెం" అనబోతే "పల్లెం" అయింది. అంకుల్ అలాగే పలికాడు. "కాదు కాదు, మీరు తప్పు నేర్చుకుంటున్నారు!" అని జాక్లిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి చాప మీద వాళ్ళంతా నవ్వారు.

సరిగ్గా అప్పుడే వెంకీ లేచి నిమ్మచెట్టు వెనక్కి పరిగెత్తాడు. బిర్యానీ అంతా అక్కడే వదిలేసి, వెలవెలబోతూ వచ్చి గోడవార కూలబడ్డాడు. లితియా నీళ్ళిచ్చి, తడిగుడ్డతో ముఖం తుడిచి, ఇక చుక్క కూడా ముట్టనివ్వలేదు. "అక్కా, నువ్వు జెప్పినవ్. నేనే ఇనలే," అన్నాడు నీరసంగా. సాయంత్రానికి తేరుకుని కేకు మాత్రం రెండు ముక్కలు తిన్నాడు.

జాక్లిన్ మరో సగం చిప్ప తాగి ఆపేసింది. తలనొప్పి లేదు, తూలడం లేదు. ఎండ దిగేదాకా పాటలు వింటూ, పాండురంగ అంకుల్‌కి మాటలు చెబుతూ కూర్చుంది.

అప్పటి నుంచి శనివారాలు ఆయన ఇంటి గ్యారేజీలో తెలుగు క్లాసు. గురువుకి జాగ్రత్త పెరిగింది. పాఠం అయ్యాకే కవా, నాలుక తిరగాలి కదా! కొన్ని వారాల్లోనే ఆయన "ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది" అని పూర్తి వాక్యం అన్నాడు. జాక్లిన్ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. యూని నుంచి కొత్తగా వచ్చిన స్నేహితులు కవా రుచి చూస్తామంటే, వాళ్ళందరికీ జాగ్రత్తలు చెప్పే పని కూడా ఆమెకే వచ్చింది. మందులేవైనా వాడుతున్నారా అని అడగనిదే ఎవరికీ చిప్ప అందనిచ్చేది కాదు.

క్రిస్మస్ సెలవుల్లో పాండురంగ అంకుల్ అక్క సత్యభామ ఫిజీ నుంచి వచ్చింది. తెల్లటి జుట్టు, వంగిన నడుము. జాక్లిన్ కేకు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మా, అక్కడే నిల్చుండిపోనావేటి? లోనికి రా, కూకో," అంది ముసలావిడ.

జాక్లిన్‌కి ఒళ్ళు పులకరించింది. విడి మాటలు కాదు, నిండు తెలుగు! సత్యభామకి వాళ్ళ నాయనమ్మ నేర్పిందట. తమ్ముడు పుట్టేసరికే ఆవిడ పోవడంతో ఆయనకి అబ్బలేదు. సత్యభామ, జాక్లిన్ ఇద్దరూ చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టి, ఊపిరి సలపకుండా వాదించుకున్నారు. పాండురంగ అంకుల్ ఒకసారి అక్క ముఖం, ఒకసారి జాక్లిన్ ముఖం చూస్తూ, తెలిసిన మాట దొరికినప్పుడల్లా "పులుసు! ఉప్పు!" అని ఉత్సాహంగా అరుస్తున్నాడు.

"మా ఆయన పోయాక తెలుగులో తగువాడ్డానికి మనిషే నేకపోయాడు," అంది సత్యభామ, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "రేపు పొద్దున్నే వచ్చీ. పులుసు ఎలా కాయాలో నీకు నేను సూపిస్తాను."