పొయ్యి లెక్కన ఇంగ్లీషు

ఆ రోజుల్లో బీకాం చదివినవాడికి లోకంలో రాని విద్య ఉండదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే తెలకపల్లి దాటాక ఓ చిన్న ఊరి బడిలో విద్యా వాలంటీరుగా ఇంగ్లీషు చెప్పడానికి కుదిరాను. నాగర్‌కర్నూల్ నుంచి పొద్దుటి బస్సు, కిటికీ పక్క సీటు, బయట మంచులో తడిసిన జొన్నచేలు, ఒళ్లో గైడు. చేలు చూస్తూ గైడు మరిచిపోయేవాణ్ణి. (పిల్లలకన్నా ఒక పేజీ ముందుంటే చాలనుకునేవాణ్ణి, చాలా రోజులు అదీ కుదరలేదు.) ఒకరోజు 'ఫ్యామిలీ' పక్కన 'ఈజ్' రావాలా 'ఆర్' రావాలా అన్న పాఠం వచ్చింది. అందరూ ఒకటిగా ఉంటే ఈజ్, ఎవరికి వారైతే ఆర్ అని గైడులో ఉన్నది ఉన్నట్టు చదివేసి, అర్థం చెప్పలేక చాక్‌పీసు నలుపుతూ నిలబడ్డాను. ముందు బెంచీ పిల్ల లేచింది. అందరూ బుడ్డమ్మ అనేవారు. "మా ఇంటి లెక్కనా సార్? మొన్నటిదాంక ఒక్కటే పొయ్యి. మా చిన్నాయన ఏరువడ్డడు, గిప్పుడు రెండు పొయ్యిలైనయ్" అంది. నాకు నిధి దొరికినట్టయింది. ఒక పొయ్యి అయితే ఈజ్, వేరుపడి రెండైతే ఆర్ అని బోర్డు మీద రాసేశాను. క్లాసంతా ఎవరింటి పొయ్యిలు వాళ్లు లెక్కపెట్టుకుంది.

వారం తిరక్కుండానే తనిఖీకి ఓ పెద్దసారు వచ్చారు. వచ్చే ఏడు నన్ను ఉంచాలో పంపాలో ఆయన రాసే ముక్కను బట్టే అని హెడ్మాస్టరు ముందే నా చెవిన వేశారు. పెద్దసారు సరిగ్గా బుడ్డమ్మనే లేపి, "మై ఫ్యామిలీ... తర్వాత ఏమొస్తది బిడ్డా?" అన్నారు.

"మీ ఇంట్ల ఎన్ని పొయ్యిలున్నయ్ సార్?" అంది బుడ్డమ్మ.

హెడ్మాస్టరు చూసిన చూపుకే నా ఉద్యోగం ఊడిపోయిందనుకున్నాను. పెద్దసారు మాత్రం కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "రెండు. మొన్న దసరాకే మా తమ్ముడు ఏరువడ్డడు" అన్నారు. "అయితే ఆర్ సార్" అంది ఆ పిల్ల, దవాఖానలో మాట్లాడినంత మెల్లగా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రిజిస్టరులో బోధన బాగుందని రాసి జీపెక్కారు. నాకు ఇంకో ఏడాది దొరికింది.

జీపు పోయాక బుడ్డమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏరువడ్డోళ్లు మల్ల కలిస్తే ఈజ్ అయితదా సార్?" అంది. గైడులో ఆ సంగతి లేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. "ఎందుకు కాదమ్మా, అయితది" అన్నాను. ఆ తర్వాత బీఈడీ చేశాను, లావుపాటి వ్యాకరణ పుస్తకాలు తిరగేశాను, పొయ్యిలకూ ఇంగ్లీషుకూ సంబంధం లేదని తెలుసుకున్నాను. ఇప్పుడెవరైనా అడిగితే పుస్తకం చూసి చెప్తానంటాను. ఏమీ తెలియకుండానే అంత ధైర్యంగా 'అయితది' అన్న ఆ కుర్రసారును తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.