మెడ ఎత్తు పార్టిషన్

వీధిలో ఆయన్ని అందరూ పార్టిషన్ మేస్త్రి అనే పిలుస్తారు. తలుపులు చేయడం వచ్చు, మంచాలు బిగించడం వచ్చు, కానీ చేతికి ఎక్కువగా తగిలే పని మాత్రం ఒకటే. ఒక గదిని రెండు గదులు చేయడం. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, అద్దె ఇళ్ళలో ఆయన నిలబెట్టిన ప్లైవుడ్ గోడలు ఎన్నో ఆయనకే గుర్తులేదు. చెవిమీద పెన్సిలు, జేబులో టేపు, జుట్టులో రంపంపొట్టు. తలంటి పోసుకుని వచ్చినా ఆ పొట్టు ఎక్కడినుంచో రాలుతూనే ఉంటుంది.

ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా తెగడం, విరగడం, చీలడం గురించే. కట్టింగు, హాఫు, గ్యాపు. అంచుకు మరీ దగ్గరగా మేకు కొడితే చెక్క స్ప్లిట్టు. గోడమీద సన్నటి గీత కనబడితే క్రాకు. పని చెప్పి పూటకోసారి మాట మార్చే ఇంటాయన కూడా క్రాకే. పని ఆపి టీ తాగితే బ్రేకు. రంపం, సుత్తీ ఎలాగో ఆ మాటలూ ఆయనకు అలాగే. వాటికి పదును ఉంటుందని తెలుసు గానీ, అది తనకే తగులుతుందని ఎన్నడూ అనుకోలేదు.

భార్య పోయాక కూడా ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళతో ఆ ఇల్లు ఒకే పొయ్యిమీద గడిచింది. మిక్సీ జారుకు క్రాకు వచ్చిన రోజున అది కాస్తా చెడింది.

"నేను ముట్టుకునేసరికే అలా ఉందక్కా" అంది చిన్నకోడలు.

"దానంతట అదే పగిలిందన్నమాట! మన మొహాలు చూసి విసుగెత్తిందేమో పాపం" అంది పెద్దకోడలు.

అక్కడ మొదలైన మాట ఎవరి పుట్టింటివాళ్ళు ఎలాంటివాళ్ళో తేల్చేదాకా పోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. చెప్పాల్సిందేదైనా ఉంటే గోడకో, గిన్నెకో చెప్పేవాళ్ళు.

చివరికి పెద్దకొడుకు వసారాలోకి వచ్చాడు. వెనక చిన్నవాడు.

"నాన్నా, హాలు మధ్యలో ఒక పార్టిషన్ వేసెయ్. వంటగట్టు దాకా" అన్నాడు, ఫ్యానుకు నూనె వేయమన్నంత తేలిగ్గా.

వేరుపడతామని ఇద్దరిలో ఒక్కడూ అనలేదు. అప్పుడు తట్టింది మేస్త్రికి. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకు వెళ్ళలేదు! అన్నదమ్ములు ఎంతమంది పిలవలేదు! ఏ ఇంట్లోనూ ఎవరూ ఆ మాట అనలేదు. అందరూ పార్టిషన్ అన్నారు, తను టేపు తీశాడు. ఆ ఇళ్ళలో కూడా వసారాలో ఒక ముసలాయన కూర్చునే ఉండేవాడు. తను ఆయన వంక చూసిన పాపాన పోలేదు.

కాదంటే వేరే మనిషిని తెచ్చుకుంటారు. అందుకే ఒప్పుకున్నాడు. మనసు ఎక్కడో ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఫ్రేము నిలబడింది, ప్లైవుడ్ బిగిసింది, రంగు కూడా పడింది.

సాయంత్రం పెద్దకొడుకు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటి నాన్నా! అవతల మా మేనేజరు కూర్చున్నాడా ఏంటి?"

చూస్తే గోడ మెడ ఎత్తే ఉంది. ఆఫీసుల్లో అంతే వేస్తారు. నిలబడితే అవతలివాళ్ళ తల కనబడాలి. ఇళ్ళకైతే కప్పుదాకా వేయాలి. ఆ సంగతి మేస్త్రికి తెలియక కాదు, ఏ ధ్యాసలో ఉన్నాడో అలవాటైన చెయ్యి అలవాటైన ఎత్తుకే కోసేసింది.

"చేత్తోపాటు బుర్ర కూడా పనిలో పెట్టాల్సింది" అని తనను తానే తిట్టుకున్నాడు.

కొడుకులు ఇంకో షీటు తెచ్చి గోడకు ఆనించారు. "ఆదివారం ఫుల్ హైటు చేసెయ్ నాన్నా. నీవల్ల కాకపోతే చెప్పు, మనిషిని పిలుస్తాం" అన్నాడు చిన్నవాడు.

"ఏం చేయమంటున్నావో ఇంగ్లీషు లేకుండా చెప్పరా."

"అదే... పైదాకా..."

"పైదాకా ఏంటి?"

"నీకు తెలీదా ఏంటి!" అని చిన్నవాడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. కొడుకులు బజారుకు పోయారు. మేస్త్రి వసారాలో రంపానికి ఆకురాయి పెడుతూ కూర్చున్నాడు. చిన్నకోడలు గోడకు అవతల తన పొయ్యిమీద పాలు పెట్టి బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్ళింది. పాలు పైకి లేవడం గోడకు ఇవతలినుంచి పెద్దకోడలికి కనబడింది.

"ఎవరివో పాలు పొంగుతున్నాయి" అని గిన్నెల స్టాండుతో చెప్పింది. స్టాండు పలకలేదు.

"పొంగుతున్నాయంటే!" అని ఈసారి ఇంటికప్పుకేసి అరిచింది. ఇక ఆగలేక స్టూలెక్కి, గోడమీద నుంచి వంగి, చెయ్యి చాపి పొయ్యి కట్టేసింది. తీరా వెనక్కి రాబోతే కాలికింద స్టూలు లేదు. పక్కకు ఒరిగిపోయింది. మనిషి సగం అటు, సగం ఇటు, ఆరేసిన దుప్పటిలా ఉండిపోయింది.

బకెట్టుతో దిగొచ్చిన చిన్నకోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

"అక్కా! దొంగతనానికి ఇదా టైము?"

"దొంగతనమా! నీ పాలు కాపాడటానికొస్తే నాకీ గతి పట్టింది. ముందు దించవే తల్లీ, ఈ అంచు పొట్టలో దిగబడిపోతోంది!"

చిన్నకోడలు బకెట్టు అక్కడే పడేసి ఇటువైపు పరిగెత్తుకొచ్చింది. స్టూలు సరిచేసి, నడుం పట్టుకుని దించింది. దించుతూ నవ్వింది. పెద్దకోడలు కోపంగా ఉందామని చూసింది గానీ కుదరలేదు. నవ్వీ నవ్వీ ఇద్దరూ కింద కూలబడ్డారు.

"ఆ జారు... నేనే సింకులో జారవిడిచానక్కా" అంది చిన్నకోడలు, నవ్వు ఆగాక.

"నాకు తెలుసులే. చప్పుడు వినబడింది."

మేస్త్రి రంపం చేతపట్టుకుని గుమ్మం దగ్గరకొచ్చాడు. ఏమీ చూడనట్టే, "షీటు కోసెయ్యనా అమ్మా? పైదాకా వేయమన్నారు" అన్నాడు.

పెద్దకోడలు పొట్ట రుద్దుకుంటూ లేచింది. "పైకి ఒద్దు మావయ్యా. ఈ అంచు మీద వెడల్పుగా ఒక పలక వేయండి. మళ్ళీ వంగాల్సొస్తే గుచ్చుకోకుండా ఉంటుంది."

"గిన్నెలు పెట్టుకోడానికీ పనికొస్తుంది" అంది చిన్నకోడలు.

మేస్త్రి ఈసారి ఒకటికి రెండుసార్లు కొలిచాడు. కప్పుదాకా లేవాల్సిన షీటును నిలువునా చీల్చి, గోడ నెత్తిన అడ్డంగా పరిచి, అంచులు చేతికి గరుకు తగలకుండా నున్నగా రుద్దాడు.

బజారునుంచి వచ్చిన కొడుకులు సంచులతోనే నిలబడిపోయారు.

"ఫుల్ హైటు అన్నాం కదా నాన్నా!"

"పైదాకా వేస్తే నేను ఎవరితో పోట్లాడాలి, ఫ్యానుతోనా?" అంది పెద్దకోడలు గోడకు ఇవతలినుంచి. అవతలినుంచి చిన్నకోడలి నవ్వు వినబడింది.

మేస్త్రి రంపం పక్కన పెట్టి, నుదురు తుడుచుకుని, "బ్రేకు" అన్నాడు.

కొత్త పలక మీదికి ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి, రెండు టీ గ్లాసులు వచ్చాయి. ఏది ముందు తాగితే ఏ కోడలికి కోపమొస్తుందోనని, ఆయన చెరో చేత్తో ఒకటి పట్టుకుని వసారాలోకి నడిచాడు.