షినాస్ ఒడ్డున అమ్మ తరిమిన కాకులు

చిన్నప్పుడు నేను తల వంచుకునే నడిచేదాన్ని... బుద్ధిమంతురాలినై కాదు లెండి, కాలి కింద గుడ్లుంటాయని భయం!

ఒమాన్‌లో షినాస్ అనే ఊళ్లో, సముద్రం పక్కనే మా ఇల్లు. నాన్న అక్కడ గ్యారేజీలో మెకానిక్. ఎండలు ముదరగానే ఒడ్డుకు చిన్న చిన్న తెల్లపిట్టలు వచ్చేవి... నెత్తిన నల్ల టోపీ, పసుపు ముక్కు, పిడికెడు ఒళ్లు. నీళ్ల మీద ఎగురుతూ ఎగురుతూ ఒక్కసారిగా తలకిందులుగా దూకి చేపతో లేచేవి. వాటిని టర్న్‌లంటారని పెద్దయ్యాక తెలిసింది.

గూడు కట్టే ఓపిక వాటికి లేదు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెట్టేసేవి... గుడ్డుది కూడా ఇసుక రంగే. మిట్టమధ్యాహ్నం తల్లిపిట్ట సముద్రంలో పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద నీడగా నిలబడేది. ఆ ఎండలో మనుషులే బయటికి రారు.

ఒడ్డున మురాద్ చాచా అని ఒక ముసలి జాలరి ఉండేవాడు. అక్కడివాడే, మాతో హిందీలో మాట్లాడేవాడు. పికప్ బళ్లు తొక్కేయకుండా గుడ్ల చుట్టూ పాత చేపల పెట్టెలు పేర్చేవాడు. "దేఖ్‌కే బేటీ, అండా హై" అని, గుడ్లున్నాయి చూసి నడవమని, నన్ను చూసినప్పుడల్లా హెచ్చరిక! బడి నుంచి రాగానే నేనూ అక్కడే... పిల్లుల్ని, కాకుల్ని అదిలించడం నాకు ఆటకంటే ఇష్టం.

అలాంటి ఎండాకాలంలోనే జగిత్యాల వైపు నుంచి ఫోన్ వచ్చింది... తాత పోయాడని. అమ్మ పాస్‌పోర్టు వీసా పని మీద కంపెనీలో చిక్కుకుపోయి ఉంది. వెళ్లలేకపోయింది. ఒక్కతే కూతురు... "ఆఖరికి బాపు మొకం గూడ జూడకపోతి" అని వంటింటి గోడకు చెప్పుకుని ఏడ్చింది.

మా వైపు మనిషి పోయిన మూడోనాడు 'పిట్టకు పెట్టుడు' ఉంటుంది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెట్టి, దూరంగా నిలబడి చూస్తారు. కాకి వచ్చి ముడితే వాళ్లు తిన్నట్టు... ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అమ్మ భయమంతా అదే. తనను చూడాలని తపించే పోయాడేమోనని.

"ఊళ్లె పెడ్తున్నరు గద" అన్నాడు నాన్న.

"పెట్టనీ... బాపు నా చేతిది గూడ తినాలె" అంది అమ్మ.

అన్నం, కోడికూర, గారెలు, గ్యారేజీ రూముల్లో ఉండే మనవాళ్లనడిగి నాన్న తెచ్చిన బీడీలు... అన్నీ కుదిరాయి. కానీ తాతకు కల్లు లేనిదే ముద్ద దిగదు! షినాస్‌లో కల్లెక్కడిది? అమ్మ కాసేపు ఆలోచించి గ్లాసులో లబన్ పోసింది, అక్కడ అమ్మే మజ్జిగ. "తెల్లగనే ఉంది గద, సదురుకుంటడు" అంది. నాన్నకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

ఆ నీళ్లకు అవతల మన దేశమే కదా అని, ఒడ్డున ఖాళీ ఇసుకలో పళ్లెం పెట్టింది అమ్మ. తెల్లపిట్టల గుడ్లు అక్కడికి దగ్గరే... దుఃఖంలో ఆ సంగతి మా ముగ్గురికీ తట్టలేదు.

"రా బాపూ... రా..." అని అమ్మ పిలిచింది.

కాకులు వచ్చాయి. ఒకటి కాదు, గుంపు! పళ్లెం దగ్గర మనుషుల్ని చూసి జంకాయేమో, పక్కనే ఉన్న పెట్టెల మధ్య వాలాయి. తెల్లపిట్టలు ఒక్కసారిగా లేచి అరుస్తూ కాకుల నెత్తి మీదికి దూకడం మొదలుపెట్టాయి. ఒక కాకి అప్పటికే గుడ్డు పగలగొట్టింది. పడవ దగ్గరున్న మురాద్ చాచా తెడ్డు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు... కానీ చాలా దూరంలో ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కాకి మా పళ్లెం దగ్గరికి గెంతుకుంటూ వచ్చింది. ఇంకొక్క గెంతు... అమ్మ కోరుకున్నది జరిగిపోయేది.

అమ్మ ఆ పగిలిన గుడ్డు వైపు చూసింది. చెప్పు చేతికి తీసుకుని, "హుష్! పోండ్రి!" అని కాకుల మీదికి ఉరికింది. పెద్ద కాకితో సహా అన్నీ ఎగిరిపోయాయి.

"ఏం జేస్తివే! ఇంకా ముట్టనే లేదు గద!" అన్నాడు నాన్న.

"వాటి పిల్లలు పోతుంటె మా బాపు తింటడా? తినడు!" అంది అమ్మ, రొప్పుతూ.

పళ్లెం తీసుకుని చేపల మార్కెట్ దాకా నడిచి అక్కడ పెట్టింది. ఒక్క కాకీ వాలలేదు... ఎండ నెత్తికెక్కింది. చివరికి ఆ అన్నం సముద్రంలో కలిపి, ఇంటికొచ్చి పడుకుంది. ఆ రోజు అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మర్నాటి నుంచి మాత్రం అమ్మా నాతో ఒడ్డుకు వచ్చేది. పాత చీరలు చింపి కర్రలకు కట్టి గుడ్ల చుట్టూ పాతింది. ఆ ఏడాది పిల్లలు లేచాయి... ఇసుకలో పరుగెత్తే దూది ఉండల్లా!

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే అల్ అమెరాత్ అనే ఊళ్లో ఉంటున్నాను. ఈ మధ్య షినాస్ వెళ్లాను. ఒడ్డంతా టైర్ల జాడలు... ప్లాస్టిక్ కవర్లు, కాకులే కాకులు. వెతగ్గా వెతగ్గా తెల్లపిట్టలు ఒక్క జంట కనిపించాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజం చెప్తున్నా.

మీ సముద్రపు ఒడ్డుల్లో ఇలాంటి పిట్టలు ఇంకా గుడ్లు పెడుతున్నాయా? వాటిని కాచేవాళ్లు ఉన్నారా? ఉంటే రాయండి, మా అమ్మకు చదివి వినిపించాలి...

ఆ రోజు ఒడ్డు నుంచే ఆ జంటను ఊళ్లో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. చూసి మెల్లగా అంది.

"నేను పోయినంక నాకు పిట్టకు పెడ్తవు గద బిడ్డా... గుడ్లున్న కాడ పెట్టకు. ఆలస్యమైనా ఏం గాదు, నేను ఆగుత."