నీరటి పెద్దరాములు చూసిన సముద్రం

పెద్దరాములును భీమిలి తీసుకెళ్లింది నేనే. ఎందుకు తీసుకెళ్తున్నానో తెలిసే తీసుకెళ్లాను. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుందనుకున్నాను. నా మొహం, ఏం తేలిక! పదేళ్లు దాటినా గొంతులో ముల్లు అలాగే ఉంది.

నా పేరు సూర్యారావు. మాది భీమిలి పక్కన పల్లె. పటాన్‌చెరు అవతల మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో టైమాఫీసు గుమాస్తాగా చేరి, బీరంగూడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. భీమిలి ప్రయాణం నాటికి పెద్దరాములుకు యాభై ఎనిమిదేళ్లు. మా నాన్న కంటే పెద్దవాడు. అయినా నేను "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "సారూ" అనేవాడు. ఫ్యాక్టరీ గేటు దాటితే వయసులు అలా తారుమారవుతాయి, అది ఎవరికీ తప్పుగా తోచదు.

ఆయనది చిట్కుల్ దాటాక వచ్చే చిన్న ఊరు. నీరటి కుటుంబం. నీరటి అంటే ఊరి చెరువు తూము తెరిచి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూసి, మళ్లీ మూసేవాడు. తాత చేశాడు, తండ్రి చేశాడు, తర్వాత ఈయన. సొంతానికి ఒక్క మడి లేదు. కానీ ఊళ్లో పండిన ప్రతి గింజకూ నీళ్లిచ్చింది వీళ్లే. ఏటా మొదటిసారి తూము తెరిచే రోజున ఒక పద్ధతి ఉండేదట. నీరటి చెరువులోకి దిగి దోసెడు నీళ్లు తీసుకుని, వాసన చూసి, అందరి ముందూ తాగాలి. తాగి "మంచిగున్నయి" అనాలి. ఆ మాట వచ్చేదాకా ఎంత పెద్ద ఆసామీ అయినా కాలవలో చెయ్యి పెట్టకూడదు.

ఎనభైల్లో ఫ్యాక్టరీలు వచ్చాయి. నాలుగైదేళ్లకే వాగు డికాక్షన్ రంగుకు తిరిగింది. వానాకాలం వస్తే మీద మోకాలెత్తు నురుగు. వాగు నీళ్లు చెరువులోకి, చెరువు నీళ్లు మళ్లలోకి. ఒకరోజు పొద్దున చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ ఏడు తూము తెరిచే రోజున పెద్దరాములు నీళ్లలోకి దిగి, దోసెడు తీసుకుని, వాసన చూసి, తాగకుండానే వదిలేశాడు. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మళ్లు బీడుపడ్డాయి.

నీరటికి పని లేకుండా పోయింది. అప్పుడు మా కంపెనీ పిలిచి కూలికి పెట్టుకుంది. ఎవరి చెరువు పాడుచేశారో వాణ్ణే పిలిచి పనివ్వడం, పైగా దాన్ని దయ అనుకోమనడం! ఇచ్చిన పని ఏమిటంటే, కంపెనీ వెనకాల మురుగు ట్యాంకుకు ఒక వాల్వు ఉంది. వాన గట్టిగా పడి వాగు నిండుగా వచ్చినప్పుడు ఆ వాల్వు తిప్పాలి. ఎంత వానకు వాగు ఎంత ఎత్తు వస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియదు మరి. "నేల కడిగిన నీళ్లు" అని చెప్పారు. ఆయన నమ్మాడు. మొదటిసారి తిప్పేముందు పాత అలవాటు కొద్దీ దోసెడు పట్టి పెదవికి తగిలించాడు. పెదవి కాలి బొబ్బెక్కింది. మానాక అక్కడ తెల్లటి మచ్చ మిగిలింది.

ఆ మచ్చతో మరో నాలుగేళ్లు వాల్వు తిప్పాడు. కడుపు కోసం తిప్పాడు, నేను తప్పు పట్టను. నా తప్పు నేనే పట్టుకోలేని వాణ్ణి.

తొంభై రెండులో ఆ ఊరి రైతు లింగం పట్టుబట్టి, తిరగని ఆఫీసు తిరిగి, హైదరాబాదు నుంచి విచారణ కమిటీ వచ్చేలా చేశాడు. అయితే మా కంపెనీ పైపు ఎక్కడ వాగులో కలుస్తుందో బయటివాళ్లకు కనిపించదు. కల్వర్టు కింద, తుమ్మపొదల్లో, మట్టి కప్పి ఉంటుంది. ఆ చోటు తెలిసి, నోరు విప్పగలిగినవాడు పెద్దరాములు ఒక్కడే. లింగానికి మాటిచ్చాడు. "నేనే సూపిస్త పటేలా. తిప్పిన చేతులు నావే, చెప్పే నోరు గూడ నాదే."

మాటిచ్చినవాడు ఊరుకోవచ్చు కదా! తిన్నగా నా కిటికీ దగ్గరకు వచ్చి లీవు అడిగాడు.

"ఎప్పుడు?"

"కమిటీ వొచ్చే నాడు సారు. తారీకు ఇంక తెల్వదు. తెలిసినంక చెప్త."

"కమిటీతో నీకేం పని?"

"పైపు సూపియ్యాలె."

కంపెనీ మీద సాక్ష్యం చెప్పడానికి కంపెనీనే సెలవడిగిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నవ్వాను. ఆ నవ్వుతోనే పోయి పర్సనెల్ మేనేజరుకు చెప్పాను. వింత కబురు చెప్పినట్టు చెప్పాను, అంతే. ఇంకొకటి కూడా వాగాను. "పాపం, ముసలాయనకు ఒక్కటే కోరికండీ. జన్మంతా నీళ్లు పారించాడు కదా, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయో చూడాలని. సముద్రం చూడాలట."

మేనేజరు నవ్వలేదు. రెండు వారాల తర్వాత పిలిచాడు. "మీ సొంతూరు భీమిలి కదూ? అయిదేళ్లలో ఒక్క ఆబ్సెంటు లేని వర్కరు. కంపెనీ తరఫున సముద్రం చూపించుకురా. గురువారం బయల్దేరండి, ఆదివారానికి రండి." కమిటీ శుక్రవారం వస్తోందని అప్పటికే ఆఫీసులో అందరికీ తెలుసు. ఊరికి ఆ కబురు గురువారం రాత్రికి గానీ చేరలేదు. "నీ పర్మినెంటు ఆర్డరు నా టేబులు మీదే ఉంది సూర్యారావ్" అన్నాడు, ఫైలు మూస్తూ.

పెద్దరాములుకు మాత్రం కమిటీ వచ్చే నెలకు వాయిదా పడిందని చెప్పారు. ఆయన వాళ్లను నమ్మలేదు. నా కిటికీ దగ్గరకే వచ్చాడు.

"నిజమేనా సారూ? ఎనుకకు వడ్డదా?"

"నిజమే" అన్నాను.

ఆ ఒక్క మాటకే నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టి చెప్పుతో కొట్టాలి. ఎవరూ కొట్టలేదు.

గురువారం సాయంత్రం సికింద్రాబాదులో గోదావరి ఎక్కాం. ఆయన భార్య బక్కమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటకట్టి ఇచ్చింది. "జెర పైలం సారూ, నీళ్లను జూస్తె ఆగడు, లోపటికి పోతడు" అని నాకు అప్పగింతలు పెట్టింది. రైల్లో ఏ వంతెన వచ్చినా ఆయన లేచి తలుపు దగ్గరకు వెళ్లి కిందికి చూసి వచ్చేవాడు. నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారి విశాఖపట్నంలో దిగి బస్సు పట్టుకుంటే, తొమ్మిది లోపలే భీమిలి చేరాం. సన్నగా చినుకు పడుతోంది. గంటస్తంభం దగ్గర టీ తాగి, ఒలాందు వాళ్ల, అదే డచ్చివాళ్ల, సమాధుల పక్కనుంచి నడిపించాను. నిలువెత్తు కట్టడాలు, నల్లగా పాచిపట్టి, పేర్లు చెరిగిపోయి ఉన్నాయి.

"ఎవలయి సారూ గీ గోరీలు?"

"ఎక్కడో సముద్రం అవతల్నుంచి వ్యాపారానికొచ్చినవాళ్లవి. మూడొందల ఏళ్లవుతోంది. ఇక్కడే పోయారు."

"నీళ్లు వడలేదేమో పాపం" అన్నాడు. ఒక రాయి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు కూడా. నాకు చిన్నప్పటి నుంచి అవి దాగుడుమూతలాడుకున్న రాళ్లే. వాటిలో ఉన్నవాళ్ల మీద జాలిపడ్డ మనిషిని అప్పుడే చూశాను.

దీపస్తంభం పక్కనుంచి ఇసుకలోకి దిగాం. ఆగస్టు నెల, సముద్రం పోటు మీద ఉంది. ఒడ్డు పొడుగునా తెల్లటి, పసుప్పచ్చటి నురుగు కుప్పలు గాలికి కదులుతున్నాయి. పెద్దరాములు ఠక్కున ఆగిపోయి నా చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాడు.

"ఆగు సారూ! అడుగు వెట్టకు! కంపెనీ నీళ్లు!"

నాకు అర్థమయ్యేలోపే ఆయన అరవడం మొదలుపెట్టాడు. చేపల తట్ట నడుముకు పెట్టుకుని ఒక బెస్త ఆడమనిషి ఆ నురుగులో కాళ్లు కడుక్కుంటోంది. "ఓ అవ్వా! బయటికి రా! కాళ్లు పుండ్లయితయి! రా తల్లీ, జల్దీ రా!" అంటూ చేతులూపుతున్నాడు. ఆమె నోరు తెరుచుకుని చూసింది. "ఏటి బాబూ, ఈ ముసలాయనకేటైనాది? అలాగరుత్తన్నాడు?" అంది నాతో.

"నురుగు చూసి భయపడ్డాడమ్మా" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. "సముద్రానికి నురుగు లేకపోతే ఇంకేటుంటాది?"

నాకు నవ్వు రాలేదు. నురుగంటే విషమని తప్ప ఇంకోలా తెలియకుండా చేశాం ఆ మనిషికి. అది అలల నురుగేనని, ఎవరూ వదలలేదని, పుట్టినప్పటి నుంచి ఇందులోనే ఈదానని చెప్పాను. ఆయన నమ్మలేదు. పంచె ఎగగట్టి, మెల్లగా దిగి, దోసెడు నీళ్లు పట్టాడు. వాసన చూశాడు. తెల్లమచ్చ పెదవికి ఆనించి కొంచెం తాగాడు. మొహం చిట్లించి, ఉమ్మి, తట్టలోకి తొంగిచూశాడు. చేపలు ఇంకా ఎగిరెగిరి పడుతున్నాయి.

"బతికే ఉన్నయి సారూ!" అన్నాడు. అయిదేళ్లలో ఆయన నవ్వగా చూసింది అప్పుడే.

తర్వాత గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి వెళ్లాం. ఆయన అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ఏటి నీళ్లు ఎక్కడిదాకా తియ్యగా ఉన్నాయో, ఎక్కడ ఉప్పుతిరుగుతున్నాయో వేలు ముంచి చూసుకుంటూ నడిచాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"సారూ, మన వాగు గూడ సముద్రంలకే వొస్తదా?"

"వాగు మంజీరలో, మంజీర గోదావరిలో, గోదావరి సముద్రంలో. ఇక్కడికి కాదు, కొంచెం దక్షిణాన కలుస్తుంది. సముద్రమైతే ఇదే."

ఇసుకలో కూలబడ్డాడు. "అయితె నేను తిప్పింది గూడ గిండ్లకే వొచ్చింది" అన్నాడు. కొంతసేపటికి తనే ధైర్యం తెచ్చుకున్నాడు. "వొచ్చే నెల కమిటోళ్ల ముంగట అన్ని చెప్త సారు. సముద్రం దాంక పోతున్నదని గూడ చెప్త. నేను జూసొచ్చిన గద, ఇగ ఎవడు కాదంటడు?"

ఇక నావల్ల కాలేదు.

"రాములూ, కమిటీ ఇవాళే వస్తోంది. పదింటికి."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీకు ఎరికేనా సారూ?" అని అడిగాడు. తలవంచుకున్నాను. "గప్పుడు గూడ ఎరికేనా?" అన్నాడు. కిటికీ దగ్గర అడిగిన రోజు సంగతి. అవునన్నాను. టైమెంతయిందని అడిగాడు. పదీ పది. గంటస్తంభం వైపు పరుగెత్తడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తడి ఇసుకలో, చెప్పులు కూడా వదిలేసి.

ఎస్టీడీ బూత్ నుంచి ఆ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను. మూడుసార్లు చేస్తే కలిసింది. కొట్టు సత్తయ్య ఎత్తాడు. పెద్దరాములు రిసీవరు లాక్కున్నాడు. సత్తయ్య గొంతు నాకు కూడా వినిపిస్తోంది.

"అరె, నువ్వేడున్నవే? కమిటోళ్లు వాగు కాడున్నరు. నీ పేరు మూడుసార్లు పిలిసిండ్రు. లింగం పటేలు నీ ఇంటికి మనిషిని తోలిండు!"

"సత్తన్నా, ఉరుకు! కల్వర్టు కింద, తుమ్మసెట్ల నడుమ, రెండడుగులు తవ్వుమను. పైపు గాడనే ఉన్నది!"

"నువ్వేడున్నవో చెప్పు ముందుగాల."

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "సముద్రం కాడున్న" అన్నాడు.

"సముద్రం కాడనా?" అన్నాడు సత్తయ్య. "ఎవలు తోలిండ్రే నిన్ను? కంపెనోళ్లా?" ఫోన్ పెట్టేశాడు.

సత్తయ్య వెళ్లి చెప్పాడు, చెప్పలేదనను. ఫోన్లో వచ్చిన మాటకు తవ్వేది లేదని, సాక్షి ఎదురుగా ఉండాలని కమిటీ వాళ్లు అన్నారట. పన్నెండింటికి జీపులు వెళ్లిపోయాయి. ఆ సాయంత్రమే రైతులు పలుగులు పట్టుకుని వెళ్లారు. అప్పటికే కల్వర్టు దగ్గర కంపెనీ లారీలు రెండు, కాపలావాళ్లు నలుగురు; దగ్గరకు రానివ్వలేదు. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. ఆధారం దొరకలేదని రాశారు.

మేం శనివారం ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగాం. లింగం అక్కడే నిలబడి ఉన్నాడు. కొడతాడేమోననుకున్నాను. నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎట్లున్నదే సముద్రం?" అన్నాడు పెద్దరాములుతో.

"ఉప్పగున్నది పటేలా" అన్నాడు పెద్దరాములు. "ఉప్పగున్నా… చేపలు బతుకుతున్నయి అండ్ల."

లింగం సైకిలు ఎక్కి వెళ్లిపోయాడు.

పెద్దరాములు మళ్లీ కంపెనీ గేటు తొక్కలేదు. రోజూ పొద్దున్నే చెరువు తూము దగ్గరకు పోయి కూర్చునేవాడు. ఊళ్లో వాళ్లు పలకరించడం మానేశారు. కంపెనీ సొమ్ముతో సముద్రస్నానం చేసొచ్చినవాడని చాటున, ఒక్కోసారి ఎదురుగానే అనేవారు. నా పేరు చెప్పి ఆయన తప్పించుకోవచ్చు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది.

రెండువేల మూడులో బక్కమ్మ కబురు పెట్టింది, మనిషి ఇవాళో రేపో అన్నట్టున్నాడని. ఊళ్లోకి ట్యాంకరు నీళ్లే వస్తాయని తెలుసు కనుక బీరంగూడ నల్లా నీళ్లు సీసాలో పట్టుకెళ్లాను. మంచంలో చిక్కి శల్యమై ఉన్నాడు. పెదవి మీద మచ్చ మాత్రం అలాగే ఉంది. "నీళ్లు తెచ్చాను" అన్నాను. ఆయన అరచెయ్యి చాపాడు. పోశాను. ముక్కు దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత ఆ చెయ్యి నా వైపు జరిపాడు.

"ముందుగాల నువ్వు తాగు" అన్నాడు.

వంగి, ఆయన అరచేతిలో నీళ్లు తాగాను. ఆయన కళ్లార్పకుండా నా మొహమే చూస్తూ ఉన్నాడు, నాకేమైనా అవుతుందేమోనని. చాలాసేపు చూశాక, బక్కమ్మను తన నోట్లో పొయ్యమన్నాడు.