‘అయిందా’ అన్న మాట

మా కోడలి మొదటి ఘనత బస్సు నడిపే హెవీ లైసెన్సు. మూడుసార్లు తప్పి నాలుగోసారి సాధించింది. మొదటిసారి బండి వెనక్కి తీస్తూ డ్రమ్ముకు తగిలించింది. రెండోసారి ఎత్తు మీద బండి వెనక్కి జారింది. మూడోసారి ఏ తప్పూ దొర్లకపోయినా పరీక్ష పెట్టే ఆయన తల అడ్డంగా ఊపాడు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. సీటు మీద దిండు వేసుకుంటే గానీ రోడ్డు కనపడదు. డిపోలో వాళ్ళు వెక్కిరింపుగా ‘హెవీ’ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరునే గౌరవంగా పలుకుతున్నారు.

నేను చదువుకున్నది మా ఊరి బడిలో. సొంత గొప్పలు చెప్పుకోవద్దని అక్కడ నేర్పారు. కోడలి గొప్పలు చెప్పొద్దని మాత్రం ఎవరూ నేర్పలేదు, కాబట్టి చెబుతాను. బ్రేకులు పట్టని బస్సును ఇసుక గుట్ట మీదికి ఎక్కించి, లోపల ఒక్కరికీ గీత పడకుండా ఆపింది. దారిలో నొప్పులు మొదలైన ఒక ఇల్లాలిని బస్సుతో సహా ఆసుపత్రి గుమ్మానికి చేర్చింది. ప్రమాదం చేయని డ్రైవరని డిపో వాళ్ళు ఇచ్చిన గోడ గడియారం మా ముందు గదిలో ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ కుక్క ఒక ఎత్తు.

అది ఆమె బస్సులోనే దొరికింది. ఆఖరి ట్రిప్పు అయ్యాక చివరి సీటు కింద ముడుచుకుని పడుకుని ఉంది. మోకాలి ఎత్తు కూడా లేదు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. ఎవరో కావాలనే వదిలేసి దిగిపోయారు. “టికెట్ లేని ప్యాసింజరు” అన్నాడు కండక్టరు. ఆ పేరే దానికి ఖాయమైంది. డిపో గోడకు కాగితం అంటించినా ఎవరూ రాలేదు. ప్యాసింజరు మా ఇంటికి వచ్చింది.

మాది మేడ మీది వాటా. కింద ఇల్లుగలావిడ, ఆవిడ తల్లి ఉంటారు. కుక్కకు శుభ్రం నేర్పే పని కోడలు మొదటి రోజే మొదలుపెట్టింది. లేవగానే, తినగానే దాన్ని కిందికి తీసుకుపోయి గేటు పక్కన కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టేది. అది కాలెత్తగానే మెత్తగా “అయిందా, బంగారం, అయిందా” అని బిస్కెట్టు ముక్క పెట్టేది. స్తంభం దగ్గర అది చక్కగా కానిచ్చేది. వెనక్కి వచ్చి మెట్లెక్కుతూ, సరిగ్గా ఇల్లుగలావిడ గుమ్మం ముందు, మళ్ళీ కొంచెం పోసేది. ఇంట్లోనూ అంతే. ఎప్పుడు, ఎందుకు అన్నది మాకు అంతు పట్టలేదు.

“దీని కడుపులో రిజర్వు ట్యాంకు ఉందే” అనేవాడు మావాడు. వాడు అదే డిపోలో మెకానిక్కు.

“మొండిది, అంతే. నాకంటే మొండిదేం కాదులే” అనేది కోడలు. గుడ్డ, బకెట్టు పట్టుకుని మెట్లు తుడిచీ తుడిచీ ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇల్లుగలావిడ తల్లి పొద్దున్నే ఎండ కోసం చేతికర్రతో డాబా మీదికి వెళుతుంది. ఒకరోజు ఆ తడి మీద కాలు జారింది. రెయిలింగు పట్టుకోబట్టి సరిపోయింది గానీ మణికట్టు బెణికింది. కట్టు కట్టించుకొచ్చాక ఇల్లుగలావిడ పైకి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“చూడమ్మాయ్, మీతో నాకే పేచీ లేదు. ఆ కుక్కకు నా మీద ఏం పగో, నన్ను చూస్తేనే పోస్తుంది. ఆదివారం వచ్చి ఇల్లంతా చూస్తాను. ఒక్క మచ్చ కనపడినా, మెట్లు మళ్ళీ తడిసినా, అది ఇక్కడ ఉండటానికి వీల్లేదు.”

“అలాగే ఆంటీ” అంది కోడలు. ఆవిడ దిగిపోయాక నావైపు తిరిగి, “దీన్ని ఒకసారి బస్సులో వదిలేశారు మామయ్యా. మళ్ళీ వదలడం నావల్ల కాదు” అంది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఫోనులో మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. ప్యాసింజరు నా కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఉన్నట్టుండి లేచి, ఒక చుట్టు తిరిగి, నా చెప్పు మీదే పోసింది. కోడలు గుడ్డతో వచ్చి, సగంలో ఆగిపోయింది.

“మామయ్యా, ఇప్పుడు మీరేమన్నారు?”

“ఏమంటాను? మందులు వేసుకోవడం అయిందా అన్నాను.”

కోడలు కుక్కను ఎత్తుకుని బాత్‌రూములోకి తీసుకెళ్ళింది. గడప దగ్గర నుంచి చూస్తున్నాను. దాన్ని కింద దింపి, గోడవైపు చూస్తూ, మామూలు గొంతుతో “అయిందా” అంది. అది ఒక చుట్టు తిరిగి, కాలెత్తింది. మిగిలినవి నాలుగు చుక్కలే అయినా మాట దక్కించింది.

కోడలు ఆ తడి నేల మీదే కూలబడింది. “ఇది మొండిది కాదు మామయ్యా. నేను నేర్పిన పాఠమే అప్పజెబుతోంది.”

అప్పుడు వెలిగింది నాకు. కుక్కను తిప్పి తీసుకొచ్చే కోడలిని ఇల్లుగలావిడ రోజూ గుమ్మంలో నిలబడి అడిగేది ఒకటే మాట, “నడక అయిందా అమ్మాయ్?” మేము ఇంట్లో అడిగేదీ అదే. స్నానం అయిందా, భోజనం అయిందా, పని అయిందా. ఆ మాట లేకుండా మన ఇళ్ళల్లో పూట గడుస్తుందా? ఆ కుక్క మాత్రం అన్నిసార్లూ తననే అడుగుతున్నారనుకుంది.

“ఆవిడతో చెప్పేయరాదూ?” అన్నాడు మావాడు.

“చెబితే నీ కుక్క తప్పు నా నోటికి అంటగడతావా అని ఒంటికాలి మీద లేస్తుంది. ముందు దీన్ని దారిలో పెట్టాలి” అంది కోడలు.

కొత్త మాట కావాలి. ఇంట్లో ఎవరి నోటా రానిది కావాలి. బస్సు కదలడానికి కండక్టరు చెప్పే “రైట్ రైట్” ఎంచుకుంది. స్తంభం దగ్గర “రైట్ రైట్” అంటే బిస్కెట్టు. గదిలో ఎవరేమన్నా ఆమె ముఖం తలుపువైపే, మెట్ల మీదైతే గేటువైపే, కుక్క కూడా అటే నడవాలని. ఇక ఆదివారం దాకా మా నాలుకలకు బ్రేకులే. “భోజనం...” అని మొదలుపెట్టి “తిన్నావా” అని మలుపు తిప్పుకునేవాళ్ళం. మావాడు రెండుసార్లు నోరు జారాడు, రెండుసార్లూ వాడే తుడిచాడు.

ఆదివారం ఇల్లుగలావిడ వచ్చింది. చాపలు ఎత్తి చూసింది, మంచం కిందికి వంగింది, మూలల్లో వాసన చూసింది. మచ్చ లేదు. కుర్చీలో కూర్చుంది. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా మా ముగ్గురికీ ఊపిరి ఆగుతోంది. కుళాయి గురించి అడిగింది, నీళ్ళ మోటారు గురించి అడిగింది. వెళ్ళబోతూ నావైపు తిరిగింది.

“పెద్దాయనా, మీ కంటి ఆపరేషన్ అయిందా?”

ప్యాసింజరు లేచింది. ఒక చుట్టు తిరిగింది. కోడలు కదల్లేదు. బ్రేకులు పోయిన రోజు కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది. కుక్కవైపు చూడకుండా తలుపువైపు చూసింది. అది ఆమె ముఖంలోకి చూసి, రెండో చుట్టు సగంలో ఆపి, తలుపు దగ్గరికి నడిచి గడప మీద ముక్కు పెట్టింది.

కోడలు తలుపు తీసి, దానికంటే ముందు దిగింది. వెనకాల కుక్క, దాని వెనకాల ఇల్లుగలావిడ, ఆఖరున నేను. ఆవిడ గుమ్మం ముందు కుక్క ఆగింది. నేల వాసన చూసింది.

“అదిగో, నా గుమ్మమే” అంది ఇల్లుగలావిడ.

కోడలు తిరిగి చూడలేదు. గేటు దాటి స్తంభం పక్కన నిలబడి, అప్పుడు అంది, “రైట్ రైట్.” ప్యాసింజరు చెవి నిలబెట్టి, ఒక్క పరుగున పోయి స్తంభం దగ్గర కాలెత్తింది.

కోడలు అంతా విప్పి చెప్పింది. ఇల్లుగలావిడ నడుం మీద చేయి పెట్టుకుని విన్నది.

“అంటే ఇన్నాళ్ళూ నేనడిగినందుకా?”

“మీరు అడిగారు ఆంటీ, అది జవాబు చెప్పింది.”

ఆవిడ పెదవి కొంచెం వంగింది గానీ నవ్వు దాకా రాలేదు. “నువ్వు పక్కనుంటే సరే. రేపు ట్రైనింగుకు పోతున్నావట కదా. నువ్వొచ్చేదాకా మెట్లు పొడిగా ఉంటే అది ఇక్కడే ఉంటుంది. తడిస్తే, నువ్వొచ్చేసరికి ఉండదు. మా అమ్మ రెండో చేతికి కూడా కట్టు పడితే నేను ఊరుకోను.”

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు.

కొత్త కరెంటు బస్సులు నడపడం నేర్చుకోవడానికి మా డిపో నుంచి ఎంపికైన మొదటి ఆడమనిషి మా కోడలే. ఇదీ రాసి పెట్టుకోవలసిన ఘనతే. వెళుతూ బిస్కెట్టు డబ్బా నా చేతిలో పెట్టి, “తొందరపడి మెట్ల మీదే రైట్ రైట్ అనేయకండి మామయ్యా, స్తంభం దగ్గరే” అని చెప్పింది.

నిన్న పొద్దున కుక్కతో దిగుతున్నాను. ముసలావిడ, చేతి కట్టుతో, గుమ్మంలో కూర్చుని ఉంది. “టిఫిను అయిందా?” అంది, అలవాటు చొప్పున. ప్యాసింజరు ఆగింది. ఒక చుట్టు తిరిగింది. నేను కోడలిలాగే గేటువైపు చూశాను. అది నన్ను చూసి, గేటును చూసి, గోళ్ళ చప్పుడు చేసుకుంటూ తనే దిగింది. మెట్టు మీద చేయి పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

రాత్రి కోడలు ఫోను చేసింది. “మెట్లు?” అంది ముందు.

“పొడి.”

“భోజనం అ...” అని నాలుక కరుచుకుంది. “తిన్నారా మామయ్యా?”

తిన్నానని చెప్పాను. ప్యాసింజరు తలుపు దగ్గర పడుకుని, కింద చప్పుడైనప్పుడల్లా చెవి నిలబెడుతోంది. మెట్లు ఇంకా పొడిగానే ఉన్నాయి. మా కోడలు తిరిగి వచ్చేది ఫిబ్రవరి పంతొమ్మిదో తేదీ, శనివారం.