ముఖం చూస్తే చాలు

ఇబ్రహీంపట్నం బస్టాండు పక్క చాయ్ హోటల్లో వీరరాఘవులు రోజూ కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. కళ్లజోడు ముక్కు చివరికి దించి, బస్సు దిగేవాళ్లను ఒక్క చూపు చూసి, వీడు దొంగ, అది గయ్యాళి అని తేల్చేస్తాడు. బుర్రకు అంతకుమించి శ్రమ ఇవ్వడు. మొన్న యాచారం బస్సు దిగిన నజీరుద్దీన్ తూలి కూలబడ్డాడు. లేపబోయినవాళ్లను వీరరాఘవులు చెయ్యెత్తి ఆపేశాడు. "పొద్దున్నే తాగేశాడు, ముట్టుకోకండి." అందరూ ఆగిపోయారు. మూటతో వెనక దిగిన భార్య మదీనా బీ పరుగెత్తుకొచ్చింది. "తాగలే అన్నా, షుగర్ డౌనయింది! జర చక్కెర ఇయ్యుండ్రి!" హోటలాయన ఇచ్చిన చక్కెర నోట్లో వేస్తే మెల్లగా తేరుకున్నాడు. వీరరాఘవులు కుర్చీలోంచి లేవలేదు. చాయ్ చప్పరిస్తూ, "అయినా చూడు, తాగుబోతు ముఖమే" అన్నాడు.